గుట్టెక్కిన మందుల సంచి

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు. రాయపోల్ వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్ఎంగా తిరిగాను. అక్కడ నేను నర్సమ్మను. రిటైరై సిద్దిపేటలో ఇల్లు కట్టుకుని, పొద్దున్నే చెరువు కట్ట మీద నడక మొదలుపెడితే, వారం తిరక్కుండా అక్కడా నర్సమ్మనే అయ్యాను. ఆ కట్ట మీద నడిచేవాళ్లకు నడక కన్నా, పైసా ఖర్చు లేకుండా బీపీ సంగతి అడగడానికి ఒక మనిషి దొరకడమే ఎక్కువ ఆరోగ్యాన్నిచ్చింది.

మా నడక గుంపుకు పెద్ద, హెడ్మాస్టరుగా చేసి దిగిపోయిన సారు. ఆయన వెనక ఆయన భార్య, బట్టల దుకాణం సేటు, కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన ఒకాయన, నేను. ఇంకో ముగ్గురు నలుగురు కూడా ఉన్నారు గాని వాళ్లు నడిచేదంతా వాట్సాప్‌లోనే.

ఒక శనివారం కరెంటాయన ఒక్కపొద్దుండి, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా నడకకు వచ్చాడు. రెండో చుట్టులో కళ్లు తిరిగి కట్ట మీదే కూలబడ్డాడు. నేను సగం చుట్టు వెనక ఉన్నాను. నేను చేరేసరికి వైద్యం జోరుగా సాగుతోంది. సేటు తన దుకాణం తాళాల గుత్తిని ఆయన పిడికిట్లో పెట్టి మూసి పట్టుకున్నాడు. సారు పేపరుతో విసురుతూ, "జరగుండ్రి, గాలి రానియ్యుండ్రి" అంటూ అందరికన్నా దగ్గరగా నిలబడ్డారు. ఎవరో ఉల్లిగడ్డ కోసం ఉరికారు. నేను చాయ్ బండి దగ్గర నీళ్లలో రెండు చెంచాల చక్కెర కలిపించి తెచ్చి, ఆయనకు కాస్త తెలివొచ్చాక తాగించాను. పది నిమిషాల్లో లేచి కూర్చుని తాళాలు సేటుకు తిరిగిచ్చాడు.

సంగతి అంతటితో ముగిసిపోవాల్సింది. కాని మర్నాడు పొద్దున సారు మమ్మల్నందరినీ నిలబెట్టి, ప్రార్థనలో మాట్లాడినట్టు మాట్లాడారు.

"నిన్న మనం ఫెయిలైనం. ఆపదొస్తే మన దగ్గర ఏమున్నది? ఒక తాళాల గుత్తి ఉన్నది. గిట్లయితే గుట్టకెట్ల పోతం?"

ఆ గుట్ట సంగతి సేటు తెచ్చింది. హైదరాబాదులో ఉండే ఆయన బావమరిది ఏదో కొండెక్కిన ఫోటోలు పంపాడట, అప్పట్నుంచి సేటుకు నిద్ర లేదు. బెజ్జంకి వైపు ఒక గుట్ట చూసి పెట్టుకున్నాడు. నా చిన్నప్పుడు గుట్టెక్కడమంటే మేకలు కాయడానికో, కట్టెలకో, సీతాఫలాలకో. బూట్లు కొనుక్కుని ఉత్త చేతులతో ఎక్కి ఉత్త చేతులతో దిగితే దాన్ని ట్రెక్కింగ్ అంటారని సేటు వల్లే తెలిసింది.

మందుల బాధ్యత నాదని సారు తీర్మానించారు. నాకు లోపల సంతోషమే అయింది. రిటైరయ్యాక ఎవరూ నాకు పని చెప్పలేదు. ఇంటికొచ్చి, స్టీలు డబ్బా ఒకటి కడిగి, ఆరబెట్టి, పెట్టవలసినవి పెట్టాను. దూది, గాజుగుడ్డ, అంటుపట్టీలు, ఒక క్రేప్ బ్యాండేజ్, పుండ్లు కడిగే మందు, చిన్న కత్తెర, ముండ్లు తీసే చిమటా, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, జ్వరం గోళీలు ఒక పట్టీ. వీటికి తోడు, ఎవరి రోజు మందులు వాళ్లు మరవకుండా తెచ్చుకోవాలని ఒక చీటీ. మూత పెడితే డబ్బా రెండు అరచేతుల్లో ఇమిడింది.

తర్వాతి ఆదివారం సారు ఇంట్లో మీటింగు. సారు డబ్బా తెరిచి, పరీక్షలో తెల్లకాగితం ఇచ్చిన పిల్లవాణ్ణి చూసినట్టు నన్ను చూశారు.

"గింతేనా నర్సమ్మా?"

"గింతే సార్. ఒక్క పూటకు పోయొస్తున్నం. గివి సాలు."

"పాము కరిస్తే ఏం పెట్టినవ్?"

"ఏం పెట్టలేదు సార్. పాము కరిస్తే కదలకుంట పండవెట్టి, జల్ది దవాఖానకు తీస్కపోవాలె. కొయ్యొద్దు, నోటితోని పీల్వొద్దు, తాడు బిగిచ్చి కట్టొద్దు."

"ఏం చెయ్యొద్దో చెప్తున్నవ్. ఏం చెయ్యాలెనో చెప్పు."

"గదే చెప్తున్న సార్. దవాఖానకు తీస్కపోవాలె."

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. సారు దగ్గర ఒక పొడుగాటి రిజిస్టరు ఉంది. అందులో 'పాము - నిర్ణయం పెండింగ్' అని రాసుకున్నారు. తర్వాత ఇంటర్నెట్‌లో దొరికిన జాబితాను తెలుగులోకి మార్చి ప్రింటు తీయించిన కాగితాలు బయటపెట్టారు. ఏ దేశపు కొండల కోసం రాసిందో గాని, మూడో నంబరులో 'మంచు కాటు' అని ఉంది.

కరెంటాయన అడిగాడు. "మంచు కరుస్తదా సార్?"

సారు కాగితం మళ్లీ చదివారు. "కరవకపోతే ఎందుకు రాస్తరు?"

అది మార్చి నెల. గోడ మీద ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. మంచు కాటు కోసం రెండు ఉన్ని మఫ్లర్లు పెట్టాలని తీర్మానమైంది.

అక్కడ్నుంచి పది రోజులు ఎవరి భయం వాళ్లు సంచిలో సర్దుతూ పోయారు. ముప్పై ఏళ్ల నౌకరీలో నేనొకటి గమనించాను. మనిషి మందులు దాచుకునే పెట్టె చూస్తే ఆయనకున్న రోగం తెలియదు, ఆయనకున్న భయం తెలుస్తుంది. సేటుకు గ్యాసంటే భయం. ఆయన మూడు రకాల గోళీలు, వాము, శొంఠి, ఎవరో బాబా ఇచ్చిన చూర్ణం తెచ్చాడు. పట్టీలు కట్టుకోవడానికని దుకాణం నుంచి లాంగ్‌క్లాత్ తాను మొత్తంగా తెచ్చాడు. ఆ తానుతో గుట్టకే పట్టీ కట్టొచ్చు. కరెంటాయన రబ్బరు గ్లౌజులు, టార్చిలైటు, టెస్టరు తెచ్చాడు.

"అన్నా, గుట్ట మీద కరెంటు లేదు గదా" అన్నాను.

"లేదని మనకెట్ల తెలుసు చెల్లే? టెస్టరు పెడితెనే తెలుస్తది."

సారు వంతు చివర వచ్చింది. బీపీ మిషను, థర్మామీటరు, బడిలో ఆటల పీరియడ్‌లో వాడిన ఈల, మడత కుర్చీ. వీటన్నిటి మీదా ఆ రిజిస్టరు. ఎవరికి ఏ గోళీ ఇచ్చినా టైము వేసి, సంతకం పెట్టించుకోవాలి. సారు భార్య చాయ్ కప్పులు పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూ ఉంది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె కూడా ఏమీ అనలేదు.

చివరికి అంతా కలిపి, పెళ్లిళ్లకు పోయేటప్పుడు పట్టుకుపోయే నీలిరంగు పెద్ద సంచిలో కుక్కారు. నా స్టీలు డబ్బా దాని అడుగున ఎక్కడో పడిపోయింది. నేను ఇన్‌చార్జిని కాబట్టి సంచి మా ఇంటికి చేరింది. మా ఆయన బస్సు కండక్టరుగా చేసినవాడు. లగేజీ చూడగానే బరువు చెప్పేస్తాడు. సంచిని ఒకసారి పైకెత్తి కింద పెట్టాడు.

"ఇన్ని గోళీలు తీస్కపోయేటోళ్లు గుట్టకెందుకు? సీదా దవాఖానకే పోతే అయిపాయె గద."

తెల్లారి కిరాయి వ్యానులో బయల్దేరాం. గుట్ట కింద దిగగానే మొదట సంచికి ఫోటో తీశారు. తర్వాత సంచి చుట్టూ మేం నిలబడి ఒకటి. ఒక్క మెట్టు ఎక్కకముందే ఆ ఫోటో గ్రూపులో పడి, ఇంట్లో పడుకున్న సభ్యుల నుంచి దండాలూ పూలూ వచ్చేశాయి.

సంచిని ఒక్కొక్కరు పావుగంట మోయాలి, సారు ఈల వేస్తే చేతులు మారాలి. ఇది నియమం. కాని అసలు పని అంతకుముందే మొదలైంది. మోకాళ్లు నొచ్చిన తర్వాత కట్టుకునే బదులు నొవ్వకముందే కట్టుకుంటే మంచిదని సేటు ఒక కాలికి నా క్రేప్ బ్యాండేజ్, రెండో కాలికి తన తానులోంచి చింపిన గుడ్డ చుట్టుకున్నాడు. ఉప్మా తినేముందు అందరూ గ్యాసు గోళీలు వేసుకున్నారు. తిన్న తర్వాత సేటు మళ్లీ వేసుకున్నాడు. చెమట పట్టకముందే ఓఆర్ఎస్ నాలుగు ప్యాకెట్లూ తాగేశారు, నిమ్మకాయ రుచి బాగుందని. సారు అందరికీ బీపీ చూసి రిజిస్టరులో ఎక్కించారు. ఎవరికీ ఏమీ లేదని తేలినప్పుడు ఆయన ముఖంలో కొంచెం నిరాశ కనిపించింది.

అరగంట ఎక్కాక, మేకల మందతో ఒక ముసలమ్మ ఎదురైంది. కాళ్లకు రబ్బరు చెప్పులు, చేతిలో కర్ర. మమ్మల్నీ సంచినీ చూసి ఆగింది.

"ఏంది బిడ్డా, గుట్ట మీద దవాఖాన పెడ్తున్రా?"

"లేదమ్మా, ఊకెనే ఎక్కుతున్నం" అన్నాను.

"ఊకెనేనా?" అని నా ముఖం వైపు జాలిగా చూసింది. "తలకాయ నొస్తున్నది, గోళి ఉంటె ఒకటియ్యరాదు."

సారు రిజిస్టరు తెరిచి పెన్ను ఇచ్చారు. "గీడ సంతకం పెట్టుండ్రి."

"సంతకమా? భూమి రాయించుకుంటవా ఏంది?" అని ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. నేను మధ్యలో కలగజేసుకుని ఒక జ్వరం గోళీ ఇచ్చి, ఏమైనా తిన్నాకనే వేసుకోమని చెప్పాను. ఆమె మేకలను అదిలించుకుంటూ పోయింది. రిజిస్టరులో ఆ గోళీ లెక్క తప్పిందని సారు చాలాసేపు బాధపడ్డారు.

ఇంకాస్త పైకి పోయాక సంచి సేటు వంతుకొచ్చింది. పది అడుగులు వేశాడో లేదో, ఛాతీలో మంటగా ఉందని సంచిని ఏటవాలు బండ మీద దించి, చూర్ణం కోసం జిప్పు లాగాడు. సంచి జారింది. మొదట మెల్లగా, తర్వాత గబగబా. అందరూ చూస్తున్నారు. నేను ఇన్‌చార్జిని. దాన్ని ఆపుదామని అడ్డంగా అడుగేశాను. సంచి పొదలో చిక్కుకుని తనంతట తానే ఆగిపోయింది. నా కుడికాలు మాత్రం రాళ్ల సందున మడతపడింది. చీలమండ దగ్గర చురుక్కుమంది. అక్కడే కూలబడ్డాను.

అందరూ నా చుట్టూ చేరారు. తర్వాత సారు ముఖంలో ఒక వెలుగు చూశాను. ఆయనను తప్పు పట్టను. ఇన్ని రోజులు సర్దిన మనిషికి మొదటిసారి రోగి దొరికింది. మడత కుర్చీ వేయించి, నన్ను ఎక్కించి, రిజిస్టరు తెరిచారు.

"పేషెంట్ పేరు?" అని అడిగి, పెన్ను పట్టుకుని ఆగిపోయారు. రెండేళ్లుగా రోజూ కలిసి నడుస్తున్నాం. నా పేరు ఆయనకు తెలియదు. సేటు వైపు చూశారు. సేటు కరెంటాయన వైపు చూశాడు. నేను కూడా చెప్పలేదు. చివరికి 'నర్సమ్మ' అనే రాశారు.

"వయసు?"

"అది రాయకుండ్రి సార్."

క్రేప్ బ్యాండేజ్ కావాలన్నాను. అది సేటు మోకాలికి ఉంది.

"ఇది ఇప్పితే నేను దిగలేనక్కా" అన్నాడు సేటు, నిజంగా బాధగా.

సారు లాంగ్‌క్లాత్ తాను విప్పారు. పాదం నుంచి పిక్క దాకా, ఆపకుండా, బస్తా మూతి కట్టినట్టు బిగించి చుట్టారు. నాకు ప్రాణం పోతోంది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి.

"సార్, శాన గట్టిగున్నది. జర వదులు చెయ్యుండ్రి."

"గట్టిగనే ఉండాలె. ఏం గాదు, ఓర్చుకోవాలె. పేషెంట్లు మాట్లాడొద్దు."

ఆ మాట నాకు కోపం తెప్పించాలి. తెప్పించింది కూడా. కాని ఆ గొంతు నాకు తెలుసు. అది నాదే. కాన్పు నొప్పులు పడుతున్న ఆడవాళ్లకు, చెయ్యి వాచేలా సూదులు వేయించుకునే పిల్లల తల్లులకు, ముప్పై ఏళ్లు నేను చెప్పిన మాట అదే. 'ఏం గాదు, ఓర్చుకో. ఎక్కువ మాట్లాడకు.' ఒకావిడ మాత్రం నొప్పుల మధ్య నా చెయ్యి పట్టుకుని, "నీకెట్ల తెలుసు నర్సమ్మా, ఏం గాదని?" అని అడిగింది. నేను వినిపించుకోలేదు. ఇంకో మూడిళ్లకు పోవాల్సి ఉంది మరి. ఆ గుట్ట మీద, ఆ తెల్లగుడ్డలో కాలు బిగుసుకుపోయి కూర్చున్నప్పుడు, ఆ ఇల్లూ ఆమె చెయ్యీ గుర్తొచ్చాయి. ఆమె పేరు మాత్రం ఎంత తన్నుకులాడినా గుర్తుకు రాలేదు.

ఇప్పుడేం చేయాలని మగవాళ్లు ముగ్గురూ పక్కకు పోయి చర్చ పెట్టారు. ఆపదలో ఈల మూడుసార్లు వేయాలా ఆరుసార్లా అన్నది మొదటి అంశం. అప్పుడు సారు భార్య వచ్చి నా ముందు కింద కూర్చుంది. అంతవరకు ఆమె దారిలో పది మాటలు కూడా మాట్లాడలేదు.

"ఎక్కడ నొస్తుంది వదినా?"

అప్పటిదాకా ఎవరూ ఆ ముక్క అడగలేదని అప్పుడు తెలిసింది. చూపించాను. ఆమె సారు చుట్టిన గుడ్డంతా విప్పేసింది. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చిన సీసా నీళ్లలో ఒక ముక్క తడిపి వాచిన చోట వేసింది. నన్ను కుర్చీలోంచి బండ మీదికి దించి, పొదలోంచి నీలి సంచిని ఈడ్చుకొచ్చి నా కాలు దాని మీద ఎత్తిపెట్టింది. కాలు పెట్టుకోవడానికి మెత్తగా బాగుంది. ఉన్ని మఫ్లర్లు పైనే ఉన్నాయి.

"ఇదంతా ఎక్కడ నేర్చినవ్ వదినా?" అని అడిగాను.

"నేర్చుడేంది. నలుగురు పిల్లలు." మగవాళ్ల వైపు చూసి, గొంతు తగ్గించింది. "మా సారు మీద కోపం పెట్టుకోకు. బడి నుంచి దిగిపోయిన కాన్నుంచి ఆయనకు రాత్రి నిద్ర లేదు. లేచి ఇంట్ల గోడ గడియారాలు సరిచేస్తడు. మాకు రెండే గడియారాలున్నయ్. గీ సంచి సర్దుడు మొదలువెట్టినంక పదిరోజులు పిల్లగాని లెక్క పండుకున్నడు. గందుకే నేను ఏం అడ్డం చెప్పలే. మంచు గోలేందని అడగాలని నాకూ ఉండె."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వితే కాలు నొచ్చింది.

అప్పుడు సారు ఈల వేశారు. ఎన్నిసార్లని తేలిందో గాని, చాలాసార్లు వేశారు. రెండు నిమిషాల్లో పొదల్లోంచి మేకలు వచ్చాయి. ముందు నాలుగు, తర్వాత మంద మొత్తం. వాటి వెనక ఇందాకటి ముసలమ్మ, రొప్పుకుంటూ.

"ఎవడురా నా మేకలను పిలుస్తున్నది?" అని వచ్చి, నా కాలు చూసి చల్లబడింది. "అయ్యో, మడతపడ్డదా? దా బిడ్డా, గీ పక్కకెళ్లి వంపు తక్కువున్నది. నే జూపిస్త." తన కర్ర నా చేతికిచ్చింది.

ఒక పక్క కర్ర, ఒక పక్క సారు భార్య భుజం. కుడికాలు ఉత్తగా ఆనించి, రెండడుగులకోసారి ఆగుతూ దిగాను. వెనక సంచిని సారు, కరెంటాయన చెరో కొస పట్టుకుని మోశారు. ఈల వేయలేదు, చేతులు మారలేదు. సేటు మడత కుర్చీ నెత్తి మీద పెట్టుకుని, నేను ఆగిన ప్రతిచోటా వేసి కూర్చోబెట్టాడు. అంత సేపట్లో ఆయన ఒక్కసారి కూడా గ్యాసు మాట ఎత్తలేదు.

సిద్దిపేటలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు. మూడు వారాలు కాలు మీద భారం పెట్టొద్దన్నాడు డాక్టరు. కుర్రవాడు, నెమ్మదస్తుడు. కాలు అటూ ఇటూ తిప్పి చూసి, "ఫస్ట్ ఎయిడ్ ఎవలు చేసిన్రు? మంచిగ చేసిన్రు" అన్నాడు.

"మేమే" అన్నారు సారు.

ఆయన భార్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది. ఆ సాయంత్రం గ్రూపులో, కుర్చీలో నేను కూర్చున్న ఫోటో కింద 'ప్రథమ చికిత్స విజయవంతం' అని వచ్చింది. తెల్లగుడ్డ పిక్క దాకా ఉన్న ఫోటో అది. చప్పట్లు కొట్టిన చేతులు నలభై దాకా లెక్కపెట్టి మానేశాను.

పరామర్శకు అందరూ వచ్చారు. ఒకరు పసుపు పట్టు వేయమన్నారు, ఒకరు ఫలానా ఊళ్లో కట్టు కట్టించుకొమ్మన్నారు. సేటు క్రేప్ బ్యాండేజ్‌ను ఉతికి, ఇస్త్రీ చేయించి తెచ్చిచ్చాడు. సారు మాత్రం పది రోజులు రాలేదు. పదకొండో రోజు మధ్యాహ్నం, ఆటోలో నీలి సంచి వేసుకుని వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు.

"నాదే తప్పు నర్సమ్మా. నువ్వు డబ్బా తెచ్చిన్నాడే నీ మాట వినవలసింది. గీ సంచి నీ దగ్గరే ఉంచుకో. నాకు వద్దు."

ఆయన కళ్ల కింద నలుపు కనిపించింది. నిద్ర మళ్లీ పోయినట్టుంది. నేను చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. గుట్ట దిగుతున్నంతసేపూ వరస పెట్టుకున్నవే. అవన్నీ పక్కకు పెట్టి సంచి వైపు చూశాను.

"సార్, గిండ్ల గోళీలన్ని తారీకులు చూడాలె. కొన్ని ఎక్స్‌పైరీ అయినయనుకుంట. నాకు అద్దాలు పెట్టుకున్నా చిన్నక్షరాలు కనవడ్తలెవ్వు. కాలు చాపుకొని ఎక్కువసేపు కూసోలేను. ఎట్లనో ఏమో."

ఆయన లోపలికి వచ్చారు. సంచి మంచం మీద బోర్లించారు. అద్దాలు తుడుచుకుని, ఒక పట్టీ వెలుతురులోకి ఎత్తి చూశారు.

"ఇది పోయిన నెలనే అయిపోయింది."

"చూసిన్రా మరి."

మా ఆయన చాయ్ పెట్టడానికి వంటింట్లోకి పోయాడు. సారు గోళీల పట్టీలను నెలల వారీగా మంచం మీద వరసలు పేర్చసాగారు, ఏప్రిల్ ఒక వరస, మే ఒక వరస. జూన్ వరస దగ్గరికొచ్చేసరికి మంచం చాలక, దిండు పక్కకు జరపమని నన్ను అడిగారు.